తాబేలు వెళ్లిపోయింది, గూడు వెళ్లలేదు

సంక్రాంతి దాటాక మైపాడు, కోడూరు తీరాలకు ఆదివారం వెళ్తే అలల హోరు కంటే ఇంజన్ల రొదే ముందు వినిపిస్తుంది. బుల్లెట్లు, జీపులు ఇసుక దిబ్బలెక్కి దిగుతుంటాయి. ఇదేమిటని అడిగితే జవాబు సిద్ధం: “తాబేళ్లు రాత్రిపూట వస్తాయి, మనం పగలు తిరుగుతాం. ఎవురికి నష్టం అబ్బయా?” ఎంత న్యాయంగా ఉందో!

అపోహ: పగలు బండి నడిపితే తాబేళ్లకేమీ కాదు.

వాస్తవం: రాత్రికి రాత్రే వచ్చి పోయేది తల్లి మాత్రమే. ఆలివ్ రిడ్లే తాబేలు పోటు నీరు తాకని పొడి ఇసుకలోకి ఎక్కి, అడుగున్నర లోతు గుంట తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. గుడ్లు మాత్రం 45 నుంచి 60 రోజులు అక్కడే ఉండి పిల్లలు కావాలి. తల్లి ఉండేది ఒక్క రాత్రి. గూటి మీదుగా గడిచే ఆదివారాలు ఆరు నుంచి ఎనిమిది.

టైర్ల బరువుకు ఇసుక అణిగి గట్టిపడితే పిల్లలు పైకి తవ్వుకుని రాలేవు. రాత్రివేళ వచ్చినా చక్రాల గాడి కాచుకుని ఉంటుంది. మనకది గీత, వేలెడంత పిల్లకు గోడ. గాడిలో పడ్డ పిల్ల సముద్రం వైపు కాక గాడి వెంబడే పోతుంది. తెల్లారేసరికి ఎండ, కాకులు, కుక్కలు. ‘పగటి’ బండి చేసిన పని రాత్రి బయటపడుతుందన్నమాట.

ఇంకొకటుంది. గూడెక్కడుందో గుడ్లకు కాపలా కాసేవాళ్లకు తెలిసేది తల్లి ఇసుకలో వదిలిన జాడను బట్టే. పొద్దున్నే సూర్యోదయం రీలు కోసం దూసుకెళ్లిన బండి ఆ జాడను చెరిపేస్తుంది. ‘గుడ్లన్నీ హేచరీకి తీసుకుపోతారుగా’ అనేవాళ్లకూ ఇదే జవాబు. దొరికిన గూడే హేచరీకి చేరుతుంది.

అపోహ: తాబేళ్లను చంపేది మరపడవల వలలు, జీపులు కాదు.

వాస్తవం: ఇందులో నిజముంది, ఒప్పుకోక తప్పదు. పెద్ద తాబేళ్లు ఎక్కువగా చచ్చేది ట్రాల్ వలల్లో ఊపిరాడకే. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికే గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోతుంది. పడవలు లాగే ట్రాక్టర్లూ గాళ్లు చేస్తాయి. కానీ ట్రాక్టరు వెనక ఒక ఇంటి కూడు ఉంది, జీపు వెనక సరదా తప్ప ఏముంది? సముద్రంలో వల చంపుతోందని ఒడ్డున మనమూ ఓ చెయ్యి వేయాలా?

అపోహ: బీచ్ పోరంబోకు, అడిగేవాడు లేడు.

వాస్తవం: ఉన్నాడు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన ‘1ఎ’ కోవలో ఉన్నాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆలివ్ రిడ్లే గుడ్లను పాడుచేయడమూ వేటే. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు.

అపోహ: కేరళలో బీచ్ మీదే కార్లు నడుపుతారుగా.

వాస్తవం: ముళప్పిలంగాడ్‌లో, గట్టి ఇసుకున్న నాలుగు కిలోమీటర్ల మేర. అది మైపాడుకు లైసెన్సు కాదు.

అపోహ: దిబ్బ చెదిరితే గాలే మళ్లీ పోస్తుంది.

వాస్తవం: దిబ్బను పట్టి ఉంచేది దాని మీద పాకే తీగ. టైరు తెంపేది దాన్నే.

బండ్లను పూర్తిగా తరిమేయమని కాదు. అమెరికాలోని కేప్ హాటెరస్ తీరంలో 2012 నుంచి పర్మిట్ ఉంటేనే బండికి ప్రవేశం. తాబేళ్ల కాలంలో రాత్రి నడపడం నిషేధం. నడిచేవాళ్లకు విడిగా కొంత తీరం ఉంచారు. మనకూ అలాంటి హద్దురాళ్లు కావాలి. పంచాయతీ, పర్యాటక శాఖ, అటవీ శాఖ కలిసి కూర్చుంటే అదేమంత కష్టం కాదు.

అందాకా జనవరి నుంచి మే దాకా బండిని తారు రోడ్డు చివరే ఆపి, చెప్పులు చేత పట్టుకుని నడవండి. ఇసుకలో గాళ్లు కనిపిస్తే చీకటి పడకముందే కాలితో పూడ్చండి. పిల్లలు బయటికొస్తుంటే ఫ్లాష్ కొట్టకండి, ఎత్తి నీళ్లలో వేయకండి. కుక్కల్ని అదిలించి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. పడవలు లాగే ట్రాక్టర్లకు రానూ పోనూ ఒకటే దారి పెట్టుకుంటే మత్స్యకారులకూ ఇబ్బంది ఉండదు. ఇంత చెప్పినా జీపు దిబ్బ ఎక్కించాల్సిందేనంటారా? కూరుకుపోయినప్పుడు లాగమని ఆ ట్రాక్టరువాళ్లనే బతిమాలుకోవాలి, కాబట్టి ముందుగానే వాళ్ల మాట వినండి.