పరహస్తగతమైన కథ

జర్మనీ పశ్చిమభాగమున, బొగ్గుగనులకును ఉక్కు కొలుములకును పేరుపొందిన రూర్ ప్రాంతమందలి బోఖుమ్ పట్టణమున, 1997వ సంవత్సరమున కొందఱు యువకులు పిరాన్హా బైట్స్ అను పేర నొక చిన్న సంస్థను నెలకొల్పి, కంప్యూటరు తెరపై ఆడదగిన కథాప్రపంచమును నిర్మింపబూనిరి. ఆ ఆట 'గోథిక్' అను పేర 2001లో వెలువడినది. గనుల నాడున పుట్టిన ఈ కథ ఒక గనిలోయలోనే జరుగుట నాకు యాదృచ్ఛికముగా తోపదు.

కథ యిట్లుండును. మిర్తానా రాజ్యమునకును ఓర్కులను జాతికిని ఘోరయుద్ధము జరుగుచుండగా, ఆయుధములకు వలసిన మాంత్రికఖనిజము కొఱకు రెండవ రోబార్ రాజు దేశమందలి నేరస్థులను ఖోరినిస్ ద్వీపపు గనిలోయకు పంపుచుండును. వారు పాఱిపోకుండ మాంత్రికులు లోయచుట్టును కల్పించిన మాయాప్రాకారము అదుపు తప్పి పెరిగి, కల్పించినవారినే లోపల బంధించును. అదను చూచి తిరుగబడిన బందీలు లోయను వశపఱచుకొని, కడకు తమలో తమకు పొసగక మూడు శిబిరములుగా చీలిపోవుదురు. పేరే లేని నూతనబందీ యొకడు లోయలోనికి త్రోయబడుటతో ఆట మొదలగును. ఆ పేరులేనివాడు మనమే. ఇట్టి రోల్ ప్లేయింగ్ గేమునందు చదువరివలె కథను వెలుపలనుండి చూచుట గాక, నాయకుని శరీరమును ధరించి, ఎవరితో మైత్రి, ఎవరితో వైరము అను నిర్ణయములు చేయుచు, పదులకొలది గంటలు ఆ లోకమున నివసింపవలసి యుండును. అందువలన అచటి సంగతులు ఆటగానికి విన్నకథగా గాక స్వానుభవముగా మనసున నిలిచిపోవును.

ఆ లోయలో నాకు మిక్కిలి ప్రియమైనది నలుగురి స్నేహము. డియెగో, మిల్టెన్ పాతశిబిరమువారు. గోర్న్ కొత్తశిబిరపు కూలిసైనికుడు. లెస్టర్ చిత్తడినేలల శిబిరమువాడు. శిబిరములు పరస్పరము కత్తులు నూరుచుండగా ఈ నలుగురు మాత్రము ఎవరికిని తెలియకుండ కలిసికొని, వార్తలు పంచుకొనుచు, ఆపదలో ఒకరినొకరు ఆదుకొనుచుందురు. జెండా యేదైనను మనిషి మనిషే యను ఈ భావము ఆ క్రూరప్రపంచమునకు ప్రాణవాయువు. దీనిని పాఠకుడు గుర్తుంచుకొనవలెను. ఏలయన పిమ్మట భంగపడినది ఇదియే.

2002లో 'గోథిక్ 2' వచ్చినది. మొదటి ఆట ముగియునప్పటికి మహాబలుడైన నాయకుడు రెండవ ఆట ఆరంభమున దుర్బలుడై యుండుట ఆట నియమములకు అవసరము; లేనిచో ఆటగానికి నేర్చుకొనుటకేమియు మిగులదు. కర్తలు ఈ యవసరమును కథగా మలచిరి. నాయకుడు కూలిన దేవాలయపు శిథిలముల క్రింద బహుదినములు పడియుండి, క్సార్దాస్ అను వృద్ధమాంత్రికునిచే ఉద్ధరింపబడి, బలమంతయు కోల్పోయి లేచును. అవసరమునకు కారణము కల్పించి చెప్పినచో శ్రోత సంతోషముగా నమ్ముననుటకు ఇంతకన్న దృష్టాంతము వలదు.

ఒక ఆట వెలువడిన పిమ్మట దానికి చేర్చు కొత్తభూభాగములు, కొత్తఘట్టములు గల భాగమును ఎక్స్‌పాన్షన్ అందురు. జర్మనులకు అది యాడ్-ఆన్. మన కావ్యపరిభాషలో ఇది మూలములో ఇమిడినచో ఉపాఖ్యానము, ఇమడనిచో ప్రక్షిప్తము. 2003లో పిరాన్హా బైట్స్ వారే 'గోథిక్ 2'కు చేర్చిన 'డీ నాఖ్ట్ డెస్ రాబెన్' మొదటి తెగకు చెందినది. అందు ప్రతినాయకుడైన రావెన్, మొదటి ఆటలో పాతశిబిరపు ప్రభువులలో నొకడు; వానిని తమ చేతులారా చంపిన ఆటగాండ్రు అసంఖ్యాకులు! అట్టివాడు సజీవుడై నిలుచుట నిస్సందేహముగా వైరుధ్యమే. అయినను జనులు దానిని సహించిరి. రావెన్ అంతకుముందు నాలుగుమాటలు పలికిన వ్యక్తి. వాని స్వభావమునకు మచ్చ రాలేదు. కావలోర్న్, లారెస్, వట్రాస్ మొదలగు పాతముఖములు తమ పాతమాటతీరుతోనే కొత్తకథలోనికి నడచివచ్చిరి. ఇచట నేనొక భేదము చూచుచున్నాను. సంఘటనల నడుమ వైరుధ్యము లెక్కలో దొరలిన తప్పువంటిది, దిద్దుకొనవచ్చును. స్వభావమునందలి వైరుధ్యము అట్టిది కాదు. అది ఎఱిగిన మనిషి ఎదుట నిలిచి, నేను నీవెఱిగినవాడను కానని చెప్పుటవంటిది.

ఇంటర్నెట్టుపై వేలమంది కలసి ఆడు ఆటలలో ఈ చిక్కు ఇంకను పెద్దది, ఏలయన ఆ కథలకు అంతము లేదు, వ్రాయుచేతులు మాఱుచుండును. అమెరికాలోని బ్లిజర్డ్ సంస్థవారి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటకు 2007 జనవరిలో వచ్చిన మొదటి ఎక్స్‌పాన్షన్ 'ది బర్నింగ్ క్రూసేడ్' నందు ఎరెడార్ జాతి చరిత్ర తలక్రిందులాయెను. సార్గెరాస్ అను దివ్యయోధుడు ఎరెడారుల దుష్టత్వమును చూచి చెడినాడని పూర్వపుగ్రంథము చెప్పగా, సార్గెరాసే వచ్చి సజ్జనులైన ఎరెడారులను చెఱిచినాడని కొత్తకథ చెప్పినది. పాఠకులు పట్టుకొనగా, ఆ లోకమునకు ప్రధానకథకుడైన క్రిస్ మెట్జెన్ 2006లోనే ఆ తప్పు తనదేయనియు, తాను పూర్వము వ్రాసినది తానే మఱచితిననియు బహిరంగముగా నొప్పుకొనెను. మూలకర్తకే యింత మఱపు కలుగునెడ, పరులచేతికి చిక్కిన కథ మాట యేమి?

గోథిక్ కథ అట్లే పరులచేతికి చిక్కినది. 2006 అక్టోబరున 'గోథిక్ 3' లెక్కలేనన్ని సాంకేతికలోపములతో విపణికి వచ్చెను. ఆ లోపములను అభిమానులు జీతభత్యములు లేకయే సంవత్సరములకొలది శ్రమించి దిద్దుట జర్మను ఆటల చరిత్రలో స్మరణీయమైన ఘట్టము. మఱుసటియేట నిర్మాతలకును, ప్రచురణకర్తయైన ఆస్ట్రియా సంస్థ జోవుడ్‌కును తెగతెంపులయ్యెను. పేరుపై హక్కు జోవుడ్ వద్ద నిలువగా, దానిని మలచిన చేతులు 'రైజెన్' అను వేఱొక లోకమును నిర్మింప వెడలిపోయినవి. జోవుడ్ ఆ 'గోథిక్ 3'కు అనుబంధమును మన ముంబయిలోని ట్రైన్ గేమ్స్ సంస్థచే చేయించి 2008 నవంబరులో విడుదల చేసెను. జర్మనీలో దానికి పెట్టిన పేరు 'గ్యోటర్‌డెమ్మరుంగ్', దేవతల సంధ్యాకాలము. 1876లో బైరాయ్ట్ నగరమున ప్రదర్శింపబడిన వాగ్నర్ సంగీతనాటకపు నామమే అది.

ఆ అనుబంధమునకు ఆరంభముననే ఒక ముడి యున్నది. 'గోథిక్ 3' ఒకే ముగింపు గలది కాదు. ఆటగాడు రాజపక్షమునో, ఓర్కులనో, దేవతల ప్రభావమునే తొలగించు మూడవ మార్గమునో ఎన్నుకొనవచ్చును. తరువాతి కథకుడు వీనిలో నొకదానిని గ్రహించి తక్కినవి ఎన్నుకొన్నవారి అనుభవమును కాదనక తప్పదు. ఇది ఎవరి తప్పును కాదు, ప్రక్రియలోనే పుట్టిన కష్టము. నాకు క్షమింపరానిదిగా తోచునది వేఱు. నాయకుడు తిరిగివచ్చి చూచుసరికి మిర్తానా ముక్కలై, పూర్వమిత్రులే ఒక్కొక్క నగరమునకు అధిపతులై కలహించుచుందురు: వెంగార్డులో లీ, గోథాలో గోర్న్, ట్రెలిస్‌లో ఓర్కుల కధిపతియై థోరుస్. చేయని రాణీహత్య తలపై పడి కారాగారము పాలైన సేనాని లీ, రాజుపై పగతీర్చుకొనుట తప్ప సింహాసనము కోరినవాడు కాడు. గోర్న్ సంగతి ఇంకను బాధాకరము. శత్రుశిబిరములవారితో రహస్యముగా రొట్టె పంచుకొన్న ఆ మొరటుసజ్జనుడు, సరిహద్దు తగవులకై పాతనేస్తులపై కత్తి దూయుచున్నాడు. మనుష్యుడు మాఱడా యనవచ్చును. మాఱును, నిశ్చయముగా మాఱును. కాని ఆ మార్పు జరుగునపుడు మనకు చూపవలెను గదా! ఇచట ముఖము, పేరు, కవచము మాత్రమే మిగిలినవి. దానికితోడు నోర్ద్‌మార్ మంచుకొండలు, వరాంట్ ఎడారి తలుపులు మూసికొన్నవి. ఆటగాడు తాను తిరిగిన లోకములో మూడవవంతున మాత్రమే తిరుగవలసెను.

ముంబయి కళాకారులను నిందించుటకు నాకు మనసొప్పదు. దూరదేశమున, పరభాషలో, ఏడేండ్లుగా పెరిగిన కథను వారికి అప్పగించిరి. సంఘటనల పట్టికను చేతికీయవచ్చును గాని, డియెగో ఎట్లు నవ్వునో, గోర్న్ ఏ మాటకు భుజము తట్టునో యే పట్టికలో నుండును? ఆ విద్య మూలములో మునిగి నానినవానికే యబ్బును.

ఆ నానుట యెట్టిదో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన భారతమును, తిక్కన విరాటపర్వము మొదలుకొని ముగింపగా, మిగిలిన ఖాళీని పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ఆయన రెడ్డిరాజుల ఆస్థానకవియైనను ఆ భాగమును రాజరాజనరేంద్రుని పేరనే వ్రాసి, నన్నయ పోకడతో నారంభించి మెల్లమెల్లగా తిక్కన పోకడలోనికి జరిగి, అతుకు కనబడకుండ రెండు తీరములను కలిపెను. కర్తగా తన్ను దాచుకొన్న ఆ వినయము నాకు పాండిత్యముకన్న మిన్నగా కనబడును.

'గ్యోటర్‌డెమ్మరుంగ్'కు 2011లో దిద్దిన కూర్పు వచ్చినది. ఆట నడక కొంత బాగుపడినను కథలోని పాత్రలు అట్లే నిలిచిపోయినవి. ఆ యేడే జోవుడ్ దివాలా తీసినది. పేరు చేతులు మాఱి, నేడు టీహెచ్‌క్యూ నోర్డిక్ అను సంస్థకు చేరినది. మాతృసంస్థ పిరాన్హా బైట్స్ 2024లో మూతపడినది. అంతకుముందే మొదటి 'గోథిక్'ను మరల నిర్మించు భారము స్పెయిన్‌లోని బార్సెలోనా నగరపు యువబృందమునకు లభించెను. వారు 2019 డిసెంబరున ఒక చిన్న మాదిరిని ముందుగా జనులకిచ్చి, ముందుకు సాగవలెనా మానవలెనా యని అడిగిరి. అత్యధికులు సాగుడనిరి గాని, ఆ లోయ చీకటిదనము, కరకుదనము ఇందు లోపించినవని నిష్కర్షగా చెప్పిరి. నిర్మాతలు ఆ మాట విని, చేసిన మాదిరిని ప్రక్కనబెట్టి మూలమునకు మఱింత చేరువగా తిరిగి మొదలుపెట్టిరి.