ఒక జట్టున పలువురు కూతగాండ్రు



ఒక ఒరలో రెండు కత్తులిమడవని మన పూర్వులు చెప్పిరి. పల్నాటివారికి ఇందుకు వేరొక నిదర్శనము చూపనక్కరలేదు. గురజాల కొలువున బ్రహ్మనాయుడును, నాయకురాలు నాగమ్మయు ఇరువురును సమర్థులే. ఒకచోట ఇమడలేకపోయిరి. ఫలము కారెంపూడి రణరంగము.

ఊరి చెడుగుడు జట్టును కూర్చునపుడు పెద్దలకెదురగు చిక్కును, చిన్న కొలతలో, ఇట్టిదే. కూతకు పోయి ఎదుటివారిని అంటి రాగల పడుచువాండ్రు నలుగురుందురు. నలుగురును కూతకే పోగోరుదురు. ఒకనిని విడిచినచో వాని పేటవారలుగుదురు. అందరిని తీసికొనినచో జట్టు నిలుచునా? ఈ విషయమునే నేడు విచారింతము.

మొదట లెక్క చూడుడు. బరిలో జట్టునకు 7గురు. కూతకు పోవువాడొక్కడే, ఆ కూతకు గడువు 30 సెకండ్లు. వాడు తిరిగి వచ్చుటయే తడవు, ఎదుటివాడు కూత పెట్టుచు వచ్చును. అప్పుడు అందరును పట్టువారే కావలెను. కాలు పట్టువాడు, నడుము పట్టువాడు, చేయి చేయి కలిపి గొలుసుగా నిలుచువాడు లేనిచో, కూతగాండ్రు తెచ్చిన పాయింట్లు వచ్చిన దారినే పోవును.

అట్లని ఒక్క కూతగాడు చాలడు. పట్టుబడినవాడు బయట కూర్చుండును. తనవారు ఎదుటివారిలో ఒకనిని ఔటు చేసినగాని లోనికి రాడు. అంతవరకు జట్టు కుంటువడును. మరియు వరుసగా రెండు కూతలు వట్టివైనచో, మూడవ కూతకు పోయినవాడు పాయింటు తేవలెను; తేనిచో ఔటే. ఆ గండము గడుపుటకు రెండవవాడును, మూడవవాడును వలయుదురు.

ప్రొ కబడ్డీ పోటీలలో ఈ సంగతి కండ్లకు కట్టినది. 2015లో తెలుగు టైటాన్స్ జట్టున రాహుల్ చౌదరి, దీపక్ హుడా, సుకేశ్ హెగ్డే కలిసి ఆడిరి. 8 జట్లలో ఆ జట్టు మూడవదయ్యెను. 2019లో అదే రాహుల్ చౌదరి, అజయ్ ఠాకూరుతోడను షబీర్ బాపుతోడను తమిళ్ తలైవాస్ జట్టున చేరెను. పేర్లు చూచిన ఎదురులేని జట్టు. తుదకు 12 జట్లలో కడపటిదయ్యెను. ఓటమికి కారణములు పెక్కు. కాని పేర్లు పోగైనంత మాత్రమున జట్టు కాదనుట స్పష్టము.

ఆ అజయ్ ఠాకూరే 2016 అక్టోబరు 22న అహమ్మదాబాదున ప్రపంచ కప్పు తుది ఆటలో భారత జట్టును గట్టెక్కించెను. సగము ఆటకు ఇరానువారు 18, మనవారు 13. నాయకుడు అనూప్ కుమారును కూతలో పేరుపొందినవాడే. అయినను ఆనాడు ఆటను మలుపు త్రిప్పినవి ఠాకూరు కూతలు. మనవారు 38–29తో గెలిచిరి.

కావున నా మనవి యిది. ముఖ్యమైన కూతగాండ్రను ఇరువురను నిలుపుడు. మూడవవాడు కూతయు పట్టుదలయు రెండును ఎరిగినవాడు కావలెను. తక్కిన నలుగురును పట్టువారే ఉండవలెను. నాలుగవ కూతగానికి పట్టు నేర్పుడు. కూతగాని యెత్తులు వానికి తెలిసియే యుండును. లేదా బయటనుంచి, ముందువారు అలసినపుడు దింపుడు. మూడవ కూతకెవడు పోవలెనో బరిలో దిగకముందే అందరియెదుట చెప్పుడు. అప్పుడు పేటలవారికి అలుకకు తావుండదు.

గెలిచిననాడు పాయింట్లు తెచ్చినవానికే గాక, కూత విడిచి పట్టునకు నిలిచినవానికిని పూలదండ వేయుడు.