ఎదిగే పిల్ల వెన్ను



పదకొండేళ్ల అమ్మాయికి పరికిణీ కుట్టించామనుకోండి. అంచు ఒక పక్క పైకి లేస్తుంది. దర్జీ పాడుచేశాడని విసుక్కుంటాం. లేదా “ఆ వంకరేమిటే, నిటారుగా నిలబడు” అని పిల్లనే కసురుతాం. ఒక్కోసారి తప్పు ఇద్దరిదీ కాదు. వెన్నెముకే పక్కకు ఒరుగుతూ ఉండవచ్చు. దీన్ని డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. 10 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. చాలామందిలో కారణం ఇదీ అని తేలదు. బరువైన పుస్తకాల సంచీ వల్ల వచ్చేది మాత్రం కాదు.

మరి హార్మోనులకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఈడు వచ్చే వయసులో గ్రోత్ హార్మోను, ఈస్ట్రోజెన్ కలిసి పిల్లని గబగబా పొడుగు సాగేలా చేస్తాయి. రజస్వల కావడానికి ఆరు నెలలు, ఏడాది ముందు ఈ జోరు బాగా ఎక్కువ. అప్పటికే కాస్త ఒరిగిన వెన్ను ఆ జోరులో మరింత ఒరుగుతుంది. తర్వాత అదే ఈస్ట్రోజెన్ ఎముకల ఎదుగుదలను మెల్లగా ఆపేస్తుంది. రజస్వల అయిన సుమారు రెండేళ్లకు పిల్ల ఎదగడం దాదాపు ఆగుతుంది. వంకర పెరిగే వేగమూ తగ్గుతుంది. డాక్టరు “ఎప్పుడు పెద్దమనిషైంది?” అని అడిగేది ఇందుకే. సిగ్గుపడకుండా నెలతో సహా చెప్పాలి.

చిన్న వంకరలు ఆడామగా పిల్లల్లో ఇంచుమించు సమానమే. చికిత్స కావలసినంత పెద్దవి ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. అయినా హార్మోనులే అసలు కారణమని రుజువు కాలేదు. మెదడులోని పీనియల్ గ్రంథి తీసేసిన కోడిపిల్లలకి వెన్ను వంకరపోయింది. దాంతో మెలటోనిన్ లోపమేమో అనుకున్నారు గానీ, మనుషుల్లో అది తేలలేదు. కనుక హార్మోను మాత్రలతో నయం చేస్తామంటే నమ్మకండి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, చేతులు జోడించి ముందుకి వంగమనండి. వెనకనించి చూస్తే వీపు ఒక పక్క ఎత్తుగా ఉందా? ఎముకల డాక్టరుకి చూపించండి. వంకర 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, పిల్ల ఇంకా ఎదిగేదుంటే బ్రేస్ తొడుగుతారు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో నూటికి 72 మందికి వంకర ఆపరేషన్ దాకా పోకుండా ఆగింది. వేసుకోనివాళ్లలో 48 మందికే ఆగింది. రోజూ ఎక్కువ గంటలు తొడుక్కున్నవాళ్లకి మరింత గుణం కనిపించింది.

“పెళ్లి కావలసిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలా?” అని దాచకండి. ఎదిగే వయసు దాటిపోతే బ్రేస్ వల్ల లాభముండదు. ఈసారి అంచు హెచ్చుతగ్గులైతే, దర్జీని అనే ముందు పిల్ల వీపు ఒక్కసారి చూడండి.