పాత దూలములు

సికింద్రాబాదు దండు ప్రాంతమున తిరుమలగిరి కలదు. ఆంగ్లేయుల కాలమున ఇచట సైనిక స్థావరము వెలసెను. 1860లో కట్టిన ఆల్ సెయింట్స్ చర్చి ఆనాటి కట్టడముల తీరును నేటికిని చూపుచున్నది. ఎత్తైన కప్పులు, విశాలమైన వసారాలు, నిలువెత్తు తలుపులు గల బంగళాలు ఈ దండు ప్రాంతమున పెక్కు ఉండెడివి. అట్టి పాత యిల్లు కూలినప్పుడు గోడలు మట్టిలో కలియును. కలప మాత్రము బండి నెక్కి మరియొక యింటికి పోవును. పాతరీతి యిల్లు క్రొత్తగా కట్టదలచువారు దానికొరకే కలప అడితులలో వెదకుదురు.

పాత కలపకు ఇంత గిరాకి యేల? ఒకప్పుడు బర్మా టేకు ఓడలపై మన రేవులకు వచ్చుచుండెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడిన పిదప దూరపు సరకు తెచ్చుట సులభమయ్యెను. అడవిలో దీర్ఘకాలము పెరిగిన ఆ చెట్లలో చేవ మెండు. తోటలలో పెంచి లేతవయసుననే నరకిన టేకులో అంత చేవ యుండదు. చేవలోని నూనెవంటి పదార్థములు చెదలను దరిజేరనీయవు. దాని చుట్టునున్న తెల్లని పొరకు ఆ బలము లేదు. పచ్చికొయ్య ఆరుచున్నకొలది కుదించుకొని, వంగి, బీటలు వారును. వందయేండ్లు కప్పును మోసిన దూలము ఆ వికారములన్నిటిని ఎన్నడో ముగించుకొన్నది. అదియునుగాక, మయన్మారు దేశము 2014లో కోయని దుంగల ఎగుమతిని నిషేధించినది.

అయినను పాతదెల్ల మేలైనదని నమ్మరాదు. దూలపు నడుము గట్టిగానున్నను, గోడలో దూరియున్న కొనలు చెమ్మకు కుళ్లియుండవచ్చును. అనుభవజ్ఞుడైన వడ్రంగి మొదట కొనలనే చూచును. సుత్తితో తట్టును, బోలుశబ్దము వచ్చినచో లోపల పురుగు తొలిచినదని అనుమానించును. మొనగల పనిముట్టుతో గుచ్చి చూచును. రంగు క్రింద దాగిన మేకులను వెదకి తీయును. ఒక్క మేకు మిగిలినను రంపపు పండ్లు విరుగును, పనివానికి గాయమగును. పాత రంగులలో సీసము ఉండుట కద్దు. దానిని పొడిగా గీకినచో లేచెడి ధూళి పిల్లలకు మిక్కిలి హానికరము.

కొనువారు లెక్కయు తెలిసికొనవలెను. 12 అడుగుల పొడవు, 6 అంగుళముల వెడల్పు, 8 అంగుళముల మందము గల దూలము 4 ఘనపుటడుగులు. ప్రతి ముఖమున పావు అంగుళము చిత్రిక పట్టినచో మిగులునది సుమారు 3.4 ఘనపుటడుగులే. కుళ్లిన కొనలు కోసివేసినచో ఇంకను తగ్గును. బేరమాడునపుడు ఈ తరుగును మరచినవాడు లేని కలపకు సొమ్ము చెల్లించినవాడగును!

కూల్చిన యింటి కొయ్య క్రొత్త యింటికి అచ్చిరాదని కొందరందురు. వడ్రంగి శంక వేరు. పాత కూసములకై తొలిచిన రంధ్రములు దూలమును ఎచ్చట బలహీనపరచినవో అతడు చూచును. అట్టిదానిని మరల కప్పు క్రింద నిలుపుటకు ఇంజనీరు సమ్మతింపవలెను. సమ్మతింపనిచో దానిని కోసి ద్వారబంధములుగను, తలుపు రెక్కలుగను మలచుదురు. పొట్టి ముక్కలు కిటికీల చట్రములకు చాలును.