స్నానాల గదిలో టెంట్ హౌస్ కుర్చీ

విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో తిరువూరు పెద్ద ఊరు. పెళ్లికో, దగ్గర్లోని నెమలి వేణుగోపాలస్వామి దర్శనానికో వచ్చి ఇక్కడ బస చేసే పెద్దవాళ్లలో మోకాళ్లు వంగనివాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు ఉంటారు. చిన్న ఊళ్ల లాడ్జిల్లో ఇప్పుడు ఏసీ దొరుకుతోంది, వెస్ట్రన్ టాయిలెట్ దొరుకుతోంది. స్నానం దగ్గరికొచ్చేసరికి బకెట్టు, మగ్గు, తడి టైల్స్. కూర్చోవడానికేమైనా ఉందా అంటే మహా అయితే ఒక పీట.

పీట మీద కూర్చోవడం కాదు, లేవడం కష్టం. ఆసనం ఎంత కిందికుంటే మోకాలు అంతగా మడత పడుతుంది, ఒంటి బరువును పైకి లేపడానికి తొడ కండరాలు అంతగా శ్రమపడాలి. అదే జానెడున్నర, రెండు జానల ఎత్తులో కూర్చుని, రెండు చేతులతో అదిమి లేస్తే ఆ భారంలో కొంత భుజాలకు మళ్లుతుంది. సర్జికల్ షాపుల్లో అమ్మే షవర్ చైర్ చేసే పని ఇంతే. విజయవాడలో అది దొరుకుతుంది. రాత్రి తొమ్మిదింటికి ప్రయాణంలో ఉన్నవాళ్లకు కావాలంటే మాత్రం టెంట్ హౌస్ వాళ్ల దగ్గరున్న చేతుల కుర్చీయే గతి. ఆ కుర్చీ చరిత్ర చూస్తే, అది అంత తీసిపారేయాల్సిన వస్తువు కాదని తెలుస్తుంది.

అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో దాని అణువులను ఒక క్రమంలో పేర్చి గట్టి పదార్థంగా తయారుచేశాడు. 1963లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ ప్లాస్టిక్ నీటికంటే తేలిక, నీళ్లు పీల్చదు, తుప్పు పట్టదు. సుమారు 160 డిగ్రీలు దాటితే గాని కరగదు కాబట్టి స్నానం నీళ్ల వేడి దాన్నేమీ చేయదు.

ఒకే ముక్కగా కుర్చీని చవగ్గా, వేగంగా పోతపోయాలని చాలామంది ప్రయత్నించారు. ఫ్రాన్సులో హెన్రీ మాసోనే 1972లో తెచ్చిన ‘ఫొతోయ్ 300’తో అది కుదిరింది. ప్లాస్టిక్ గింజలను దాదాపు 220 డిగ్రీల దగ్గర కరిగించి, విపరీతమైన ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. రెండు నిమిషాలు గడవకముందే కుర్చీ బయటికొస్తుంది. అచ్చు ఖరీదు చాలా ఎక్కువ, కుర్చీ ఖరీదు చాలా తక్కువ. మాసోనే పేటెంట్ తీసుకోలేదు కాబట్టి లోకమంతా దాన్ని పోతపోసింది. ఊరి అందం చెడుతుందని స్విట్జర్లాండులోని బాసెల్ నగరం 2008 నుంచి 2017 దాకా బహిరంగ స్థలాల్లో దీన్ని నిషేధించింది. అందం సంగతి వాళ్లిష్టం!

అమెరికా ఇంజనీరు డాన్ షెండార్ఫర్ దీని సత్తా బాగా పసిగట్టాడు. తోటల్లో వేసుకునే తెల్ల ప్లాస్టిక్ కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించి, చవకైన చక్రాల కుర్చీ చేశాడు. వాటిలో మొదటి నాలుగింటిని 2001లో మన దేశానికే పట్టుకొచ్చాడు.

కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడానికి వీలుగా కాళ్లను బయటికి వాలుగా చేస్తారు. ఆ వాలే కూర్చున్న మనిషికి వెడల్పాటి ఆధారమిస్తుంది. ఆసనంలోని చిల్లుల్లోంచి నీళ్లు జారిపోతాయి. ఇంతవరకు బాగుంది. చిక్కంతా కాళ్ల చివర్లలో. పల్చని అంచు తడి టైల్ మీద ఆనుతుంది, కింద సబ్బు నీళ్లుంటాయి. మనిషి ఒక పక్కకు ఒరిగితే బరువంతా ఆ పక్క కాలి మీద పడి, అది బయటికి జారుతుంది. చేతికర్రకు తొడిగే గుండ్రటి రబ్బరు బుష్ ఈ కాలికి పట్టదు. అందుకే కుర్చీ వీపును గోడకు ఆనించి, కింద రబ్బరు మ్యాట్ పరచాలి.

ఇంకో శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ గొలుసులను తెంచేస్తాయి. వేలితో రుద్దితే సున్నంలా పొడి అంటినా, కాలూ ఆసనమూ కలిసేచోట తెల్లటి గీత కనిపించినా ఆ కుర్చీ వద్దు. మంచిదే అనిపించినా, ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి ఊపి చూడాలి.

అసలు సమస్య ఒకటి మిగిలింది. పాశ్చాత్యుల షవర్ చైర్ నీళ్లు పైనుంచి పడతాయన్న లెక్కతో పుట్టింది. మన నీళ్లు నేల మీది బకెట్లో ఉంటాయి. కుర్చీలో కూర్చుని మగ్గు ముంచడానికి వంగిన ప్రతిసారీ శరీర గరిమనాభి ముందు కాళ్లను దాటే ప్రమాదముంది. కాబట్టి రెండో కుర్చీ తెప్పించి, దాని మీద బకెట్టు పెట్టించండి. ఇరవై లీటర్ల నీళ్లంటే ఇరవై కిలోలు, ఆ కుర్చీ సులువుగా మోస్తుంది. సగం నింపితే ఇంకా మంచిది. నా లెక్కలో మొదటి కుర్చీ ఎంత ముఖ్యమో ఈ రెండోదీ అంతే.

తిరువూరులోనే కాదు, ఏ ఊళ్లోనైనా లాడ్జి, కల్యాణ మండపం నడిపేవాళ్లకు ఒక మాట. నీడలో భద్రపరిచిన చేతుల కుర్చీలు రెండు, ఒక రబ్బరు మ్యాట్, బాత్రూమ్ గోడకు గట్టిగా బిగించిన ఒక స్టీలు కడ్డీ సిద్ధంగా ఉంచండి. గది బుక్ చేసుకునేవాళ్లు కూడా ఏసీ ఉందా అని అడిగే ఫోన్లోనే ఈ మూడూ ఉన్నాయా అని అడగండి.