మెరుపు కాగితం ఎక్కడికి పోవాలి?

సీతాఫల్‌మండి, చిలకలగూడ, మెట్టుగూడ, తార్నాక వంటి హైదరాబాదు ప్రాంతాల్లో డిసెంబరు 25 నుంచి భోగి దాకా గడిచే మూడు వారాలు కానుకలు చేతులు మారే కాలం. రైల్వే క్వార్టర్ల ఇళ్లలో క్రిస్మస్, ఉస్మానియా హాస్టళ్లలో కొత్త సంవత్సరం, ఆ వెంటనే సంక్రాంతి. ధనుర్మాసం కనుక పెళ్లిళ్లు ఉండవు గానీ, అవి మొదలయ్యాక కానుకల రాశి ఇంకా పెరుగుతుంది. కానుకను జాగ్రత్తగా దాచుకుంటాం. దాని చుట్టూ ఉన్న షీటును మాత్రం చింపిన మరునిమిషంలో చెత్తగా చూస్తాం. కాగితమే కదా అని కొందరు పాత పేపర్ల కట్టలో దోపుతారు, కొందరు చేతికందిన బుట్టలో వేస్తారు, మిగిలింది భోగి మంటకు చేరుతుంది. ఈ మూడింటిలో ఏది సరైనదో తేల్చేది కంటికి కనబడనంత పలుచని ఒక పొర. ఆ పొరను గుర్తుపట్టే పని ఇంట్లోనే, షీటు విప్పిన చేతితోనే జరగాలి. ఇల్లు దాటాక ఆ పని చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

దుకాణంలో గిఫ్ట్ ప్యాకింగ్ షీటు పేరిట అమ్మేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి అచ్చమైన కాగితం: సెల్యులోజ్ పోగుల అల్లిక మీద రంగు అచ్చు. రెండోది కాగితమే కాదు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కును పొడవునా వెడల్పునా సాగదీసి తయారుచేసిన పొర. అద్దంలా మెరిసే రకమైతే, గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరిగా మార్చి ఆ ప్లాస్టిక్ మీద పట్టిస్తారు. మూడోది కాగితానికి ప్లాస్టిక్ పొర అతికించినది, చేతికి కాగితంలాగే తగులుతుంది. చిక్కంతా దీనితోనే. ఇక మెరుపు షీటులో సరుకు ఎంతో లెక్క వేసి చూస్తే తేటపడుతుంది. సుమారు 50 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల పొడవు ఉన్న ప్లాస్టిక్ షీటు 20 మైక్రాన్ల మందం ఉందనుకుందాం. పాలీప్రొపిలీన్ సాంద్రత నీటి సాంద్రతలో దాదాపు 90 శాతం. ఆ లెక్కన షీటు మొత్తం బరువు ఆరున్నర గ్రాములు దాటదు. దాని మీది అల్యూమినియం 40 నానోమీటర్ల మందం ఉంటే ఆ లోహం బరువు 40 మిల్లీగ్రాముల లోపే. ఒక కిలో ప్లాస్టిక్ పోగవ్వాలంటే దాదాపు 160 షీట్లు కావాలి. అంత పోగేసినా అందులో చేతికొచ్చే అల్యూమినియం ఆరు గ్రాములు.

చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు నీళ్ల సీసాను వదలరు, అట్టపెట్టెను వదలరు. మెరుపు షీటును మాత్రం రోడ్డు మీదే వదిలేస్తారు. కారణం ఈ లెక్కలోనే ఉంది. వాళ్ల కూలి కిలోల లెక్కన వస్తుంది. 160 షీట్లు ఏరి, టేపు పీకి, రంగులూ లోహమూ కలగలిసిన ఆ ప్లాస్టిక్కును తీసుకెళ్తే కొనేవాడు దొరకడం కష్టం. ఏదో ఒకనాటికి ఎవరో ఏరుకుంటారులే అనే ధీమా ఇక్కడ చెల్లదు. వాళ్లు నిర్లక్ష్యం చేయడం లేదు, మనం కొన్న వస్తువుకే మారు విలువ లేదు.

ఇంటికి వందల షీట్లు రావు కదా, ఈ కాస్తకే ఇంత చర్చ ఎందుకనే అభ్యంతరం సహజం. నిజమే, మొత్తం చెత్తలో దీని బరువు స్వల్పం. అయితే హాని బరువులో లేదు, కలుషితం చేయడంలో ఉంది. పాత కాగితం మిల్లుకు చేరాక దాన్ని పెద్ద తొట్టిలో నీళ్లతో కలిపి గిరగిరా చిలుకుతారు. సెల్యులోజ్ పోగుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీటిలో సడలి, కాగితం గుజ్జవుతుంది. ప్లాస్టిక్ పొర గుజ్జవదు. పేలికలుగా చిరిగి జల్లెడలకు అడ్డుపడుతుంది, దాన్ని అంటుకున్న పోగుల్ని కూడా తనతో చెత్తలోకి లాక్కుపోతుంది. సెల్లో టేపు జిగురు ఇంకా మొండిది. వేడికి మెత్తబడి చిన్న ముద్దలై, గుజ్జుతోపాటు ముందుకు సాగి, కొత్త కాగితం మీద మచ్చలుగా, చిల్లులుగా తేలుతుంది. కానుక మీది కాగితం ఎంత మంచిదైనా అందులో సుద్ద, బంకమట్టి వంటి పూతలు ఎక్కువ, పోగు తక్కువ. తిరిగి వాడినప్పుడల్లా ఆ పోగు పొట్టిదవుతుంది కూడా. ఇలాంటిది చివరకు అట్టపెట్టెలకే పనికొస్తుంది. అదేమీ చిన్న ఉపయోగం కాదు, మన దేశంలో కాగితపు మిల్లులు పాత కాగితాన్ని విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న మంచి కాగితాన్ని నాలుగు ప్లాస్టిక్ షీట్లతో కలిపి పాడుచేసుకోవడం ఏ రకంగానూ సమర్థించుకోలేని నష్టం.

గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. షీటును గుప్పిట్లో గట్టిగా నలిపి వదలాలి. కాగితమైతే ఉండలాగే ఉండిపోతుంది: నలిగినచోట పోగుల మధ్య బంధాలు తెగుతాయి, పోగులు వంగి కొత్త స్థానంలో కుదురుకుంటాయి. ప్లాస్టిక్ పొర గలగలమంటూ విచ్చుకుంటుంది. అందులోని పొడవైన అణుగొలుసులు ఆ ఒత్తిడిని దాచుకుని తిరిగి చూపిస్తాయి. పైనున్న అల్యూమినియం మడతను నిలపగలిగేంత మందం కాదు. బ్రిటన్‌లో స్థానిక సంస్థలు క్రిస్మస్ వేళ ప్రజలకు చెప్పే పరీక్ష ఇదే. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. కాగితానికి ప్లాస్టిక్ అతికించిన మూడో రకం కూడా ఉండలాగే ఉండిపోయి మనల్ని మోసం చేస్తుంది. అందుకే మూల చింపి చూడాలి. అచ్చమైన కాగితం చిరిగినచోట నూగు కనిపిస్తుంది. పొర ఉంటే అది సాగుతుంది, లేదా అంచు వెంట పారదర్శకంగా ఊడివస్తుంది. అప్పటికీ తేలకపోతే ముక్కను గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వేళ్ల మధ్య నలపాలి. కాగితం గుజ్జవుతుంది. పొర ఉంటే చర్మంలా మిగులుతుంది. అది పాలీప్రొపిలీన్ అయితే నీటిపై తేలుతుంది, పాలియెస్టర్ అయితే మునుగుతుంది. హైస్కూలు పిల్లలకు సాంద్రత పాఠం చెప్పడానికి ఇంతకన్నా చౌకైన పరికరం ఉండదు.

రకం తెలిశాక చేయాల్సింది తేలిక. టేపు, రిబ్బను తీసేసిన కాగితం పాత న్యూస్‌పేపర్లతోపాటు కబాడీకి పోవాలి. ప్లాస్టిక్ షీటు, పొర అతికించిన షీటు, చమ్కీలు చల్లినది, వీటికి స్వచ్ఛ ఆటోలో పొడి చెత్తే గతి. 2015లో జీహెచ్ఎంసీ ఇంటింటికీ పంచిన రెండు బుట్టల్లో నీలిది ఇందుకే. కేకు క్రీము అంటిన కాగితాన్ని తడి చెత్తలో వేయడంలో తప్పు లేదు, అది కాగితమేనని తేల్చుకున్నాకే. తడి చెత్త నుంచి గ్యాసు తీసే పరిజ్ఞానంలో తార్నాకకు పేరుంది. ఇక్కడి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ రూపొందించిన పద్ధతిలోనే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల వ్యర్థాల నుంచి విద్యుత్తు తీసేలా ప్లాంటు కట్టారు. అక్కడ పనిచేసేది బ్యాక్టీరియా. అది సెల్యులోజ్‌ను నెమ్మదిగానైనా అరిగించుకుంటుంది. పాలీప్రొపిలీన్‌ను ముట్టుకోదు.

చదువుకున్నవాళ్ల నుంచే వచ్చే మరో అభ్యంతరం ఉంది: నగరం చెత్తంతా చివరకు జవహర్‌నగర్ చేరి, అక్కడ కాల్చి కరెంటు తీస్తున్నారుగా, ఇక వేరు చేయడం దేనికని. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల సామర్థ్యంతో ప్లాంటు మొదలైన మాట నిజం. పాలీప్రొపిలీన్ కిలోకు ఇచ్చే వేడి 44 మెగాజౌళ్లకు పైనే, దాదాపు పెట్రోలుతో సమానం. కాగితం ఇచ్చేది అందులో మూడో వంతు. కాబట్టి మరో దారిలేని మెరుపు షీటు అక్కడ కాలడం మేలే. ఆ మాట మిల్లుకు వెళ్లగలిగిన కాగితానికి వర్తించదు. కాగితాన్ని పదే పదే వాడుకోవచ్చు, పోగు అరిగిపోయాక కూడా కాల్చుకోవచ్చు. ముందే కాల్చేస్తే మిగిలేది బూడిద. పైగా తడి చెత్తతో కలిసిపోతే ఏదీ సరిగా కాలదు, వచ్చే వేడిలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. అంటే ప్లాంటు ఉంది కనుక వేరు చేయనక్కర్లేదన్న వాదన తలకిందులైనది. వేరు చేస్తేనే ప్లాంటు పనిచేస్తుంది.

అదే షీటు ప్లాంటులో కాలితే ఫర్వాలేదన్నప్పుడు భోగి మంటలో కాలితే తప్పేమిటి? తేడా ఉష్ణోగ్రతలో, గాలి సరఫరాలో, పొగ పోయే దారిలో ఉంది. పాలీప్రొపిలీన్‌లో ఉన్నది కార్బన్, హైడ్రోజనే. తగినంత వేడి, తగినంత ఆక్సిజన్ ఉంటే కార్బన్ డయాక్సైడు, నీరు అవుతాయి. ప్లాంటు కొలిమిలో ఆ రెండింటినీ అదుపులో ఉంచి, వచ్చే పొగను వడపోస్తారు. వీధి మంటలో పైన జ్వాల, అడుగున కుములుడు. కుమిలే చోట ఆక్సిజన్ చాలక మసి, కార్బన్ మోనాక్సైడు, క్యాన్సర్‌కు దారితీసే బహువలయ హైడ్రోకార్బన్లు పుడతాయి. క్రిస్మస్ చెట్టుకు చుట్టే తళుకు దండలు సాధారణంగా పీవీసీతో చేసినవి. వాటిలోని క్లోరిన్ మంటలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ అవుతుంది, సగం సగం వేడిలో డయాక్సిన్లకు ముడిసరుకవుతుంది. జనవరి తెల్లవారుజామున హైదరాబాదులో నేలకు దగ్గరగా చల్లగాలి, పైన వెచ్చని గాలి ఉండి పొగను పైకి పోనివ్వవు. భోగి మంట వేసేది సరిగ్గా ఆ వేళకే, దాని చుట్టూ మొదట చేరేది పిల్లలు. పిడకలు, కట్టెలు కాల్చే ఆచారంతో నాకు పేచీ లేదు. పాతవన్నీ మంటలో వేయాలన్న మాట, ఇంట్లో ప్లాస్టిక్ లేని కాలంలో పుట్టింది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని అల్మిత్రా పటేల్ వేసిన కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది.

పారేయడం కన్నా మళ్లీ వాడటం మేలని అందరూ ఒప్పుకుంటారు. దేన్ని దేనికి వాడాలన్నది మాత్రం ఆలోచించాలి. మెరుపు షీటు అలమారా అరల్లో పరచడానికి ఏళ్లపాటు పనికొస్తుంది. దాని మీద పిండివంటలు పెట్టకూడదు, అచ్చు రంగులు తిండికోసం తయారుచేసినవి కావు. దాంతో గాలిపటం చేయడం ప్రమాదకరం. అల్యూమినియం పొర ఎంత పలుచనైనా కరెంటును మోస్తుంది, సీతాఫల్‌మండి స్టేషను మీదుగా పోయే రైలు తీగల్లో ఉన్నది 25,000 వోల్టులు. చిరగకుండా విప్పిన మంచి కాగితాన్ని దాచుకుంటే జూన్‌లో పుస్తకాలకు అట్టలేయవచ్చు. అసలు కొత్త షీటు కొనే అవసరమే తక్కువ. కానుకల కాలం వచ్చేది పాత క్యాలెండర్లు గోడ దిగే రోజుల్లోనే. దళసరి కాగితం, పెద్ద కొలత, వెనుక తెల్లని ముఖం, చుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

షీటుకు బదులు గుడ్డ అనే సలహా బాగా వినిపిస్తోంది. జపాన్‌లో వస్తువుల్ని గుడ్డలో ముడివేసి ఇచ్చే ఫురోషికి అలవాటును 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కొయికె స్వయంగా ప్రచారం చేశారు. మెచ్చుకోదగ్గ పనే. అయితే చుట్టడం కోసమే కొత్త నూలు సంచి కొంటే లాభం అంత సులువుగా రాదు. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పలుచని ప్లాస్టిక్ సంచితో పోలిస్తే వాతావరణం విషయంలోనైనా సమం కావాలంటే మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడాలి. పత్తి పండించడానికి నీరు, ఎరువు అంతగా ఖర్చవుతాయి. కాబట్టి ఇంట్లో ఉన్న గుడ్డే వాడాలి, లేదా గుడ్డే కానుకలో భాగం కావాలి. రవికె గుడ్డ, తువ్వాలు, కండువా ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. వాటిలో మూటకట్టి ఇచ్చిన వస్తువుకు వేరే చుట్టు దేనికి?

ఇంత చెప్పాక కూడా ఒక అన్యాయం మిగులుతుంది. చేతిలోని షీటు దేనితో తయారైందో కొన్నవాళ్లే నలిపి, చింపి, నానబెట్టి తెలుసుకోవాల్సి రావడం సరైన పద్ధతి కాదు. 2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో మిఠాయి పెట్టెలకు, ఆహ్వాన పత్రికలకు, సిగరెట్ పెట్టెలకు చుట్టే పొర ఉంది. కానుకలకు చుట్టే షీటు పేరు ఆ జాబితాలో లేదు. పనిలోనూ పదార్థంలోనూ పెద్ద తేడా లేని రెండింటిలో ఒకటి నిషిద్ధం, మరొకటి బజారులో బాహాటం. ఆ జాబితాలో దీన్నీ చేర్చాలి. చేర్చేలోగా షీటు మూలన అది కాగితమో ప్లాస్టిక్కో తెలుగులో, స్పష్టంగా అచ్చువేయించాలి. అంతవరకు దుకాణంలో షీటు కొనేముందు ఒక మూల నలిపి చూడండి. విచ్చుకుంటే తిరిగి ఇచ్చేసి, కాగితం అడగండి.