ఉబ్బసం మందు కరోనాకు పనిచేసిందా?

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత కూరకు చెల్లుతుంది గాని, మందుకు చెల్లదు. 2021లో కరోనా రెండవ విడత విజృంభించినప్పుడు, ఉబ్బసం రోగులు పీల్చే బుడెసోనైడ్ మందును కరోనా రోగులకూ వాడారు. జ్వరం, దగ్గు 5 రోజులు దాటినా తగ్గనివారికి ఇవ్వవచ్చునని ఆ ఏప్రిల్‌లో మన దేశపు వైద్య నిపుణులు సూచించారు. ఇంతకూ అది చేసిన మేలెంత?

ఆలోచన ఎలా వచ్చింది?

బుడెసోనైడ్ ఒక రకం స్టెరాయిడ్. పీల్చగానే నేరుగా ఊపిరి గొట్టాలకు చేరి, అక్కడి వాపును తగ్గిస్తుంది. 2020లో కరోనా మొదలైన కొత్తలో, ఆసుపత్రుల్లో చేరినవారిలో ఉబ్బసం రోగులు అనుకున్నదానికన్నా తక్కువగా కనిపించారు. వారు పీల్చే మందే వారిని కాపాడుతున్నదేమోనని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులకు తోచింది.

వారు 146 మంది రోగులతో పరీక్ష జరిపారు. మామూలు చికిత్స పొందిన 73 మందిలో 11 మందికి అత్యవసర వైద్యం కావలసివచ్చింది. మందు పీల్చిన 73 మందిలో ఇద్దరికే ఆ అవసరం కలిగింది. తర్వాత పెద్ద వయసువారితో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. మందు పీల్చినవారు సుమారు 3 రోజులు ముందుగా కోలుకున్నారు. అయితే మరణాలు, ఆసుపత్రిలో చేరికలు తగ్గాయని గట్టిగా రుజువు కాలేదు.

అన్నీ ఒకటి కావు

సిక్లెసొనైడ్ అనే మరో పీల్చే మందు ప్రయోగశాలలో వైరస్‌ను అణచింది. రోగులకిచ్చి చూస్తే, ఉత్తుత్తి మందు పీల్చినవారికన్నా వారికి జబ్బు త్వరగా తగ్గలేదు. అమెరికాలో పరీక్షించిన ఫ్లూటికసోన్ సంగతీ అంతే.

మనం చేయవలసింది

ఉబ్బసం ఉన్నవారికి జలుబు, ఫ్లూ సోకితే ఆయాసం ముదురుతుంది. కనుక స్టెరాయిడ్ అన్న భయంతో డాక్టరు రాసిన రోజువారీ మందు మానరాదు. పీల్చిన తర్వాత నీటితో నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది.

ఉబ్బసం లేనివారు దగ్గు వచ్చింది కదా అని ఇంట్లోవారి ఇన్‌హేలర్ తీసుకుని పీల్చరాదు. ఒకరు నోట పెట్టుకున్నది మరొకరు పెట్టుకుంటే జబ్బు కూడా అంటుకుంటుంది. మాట పెగలనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా తాత్సారం చేయక 108కి ఫోన్ చేయాలి.

మందు ఒకటే అయినా, ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చెప్పవలసిందే.